వేరుశనగా, దాని బూజూ వెతికే చక్కెర

పుట్టపర్తి పేరులో పుట్ట ఉన్నది. పుట్టగొడుగు పేరులోనూ పుట్ట ఉన్నది. అయినా ఆ ఊరి పిల్లలకు పుట్టగొడుగులు రోజూ కనిపించవు. అనంతపురం పీఠభూమిలో ఏడాదికంతా కలిపి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదికూడా సమయానికి వస్తుందన్న నమ్మకం లేదు. మంచి వాన ఒకటి పడి నేల నానితే, రెండు మూడు రోజులకు చెదపుట్టల పక్కన తెల్లని గొడుగులు లేస్తాయి. వాటిని ఎవరూ నాటలేదే, రాత్రికి రాత్రి ఎలా వచ్చాయి అని మీలో చాలామంది అడిగే ఉంటారు.

నిజానికి చెదపురుగులే వాటి పెంపకందార్లు. పుట్ట లోపల అవి ఒక జాతి బూజును తోటలాగా పెంచుకుని తింటాయి. పుట్టగొడుగు శరీరమంతా నేల అడుగున దారపు పోగులలాగా అల్లుకుని ఉంటుంది. మనకు పైన కనిపించే గొడుగు చెట్టుకు కాయ వంటిది.

ఈ నెల మనం చెప్పుకోబోయేది గొడుగు ఎత్తని దాని చుట్టం ఒకదానిని గురించి. దానిని చూడటానికి పుట్టల దగ్గరికి వెళ్ళనక్కరలేదు. వేరుశనగ చేను చాలు. మీ వైపు శెనక్కాయలంటారు, కొందరు బుడ్డలంటారు. పచ్చగా ఉన్న చేనులో అక్కడక్కడ ఒక్కొక్క మొక్క ఉన్నట్టుండి వాడిపోతుంది. మొదటి దగ్గర మన్ను తీసి చూస్తే కాండానికి దూది చుట్టినట్టు తెల్లని బూజు కనిపిస్తుంది. ఆ దూదిలో ఆవగింజలంతటి గుండ్రని గింజలు ఉంటాయి. మొదట తెల్లగా ఉండి తరువాత గోధుమరంగుకు తిరుగుతాయి. రైతులు దీనిని మొదలుకుళ్ళు తెగులు అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు స్క్లెరోషియం రోల్ఫ్సియై. 1892లో అమెరికాలోని ఫ్లోరిడాలో టమాటా మొక్కల మీద దీనిని గమనించిన రోల్ఫ్స్ అనే ఆయన పేరు దానికి అతుక్కున్నది. గొడుగు లేకపోయినా వంశం మాత్రం పుట్టగొడుగుల వంశమే.

రైతుకు ఇది పరమ శత్రువు. కాని మనకు పొరుగున, కర్ణాటకలోని ధార్వాడలో, కర్ణాటక విశ్వవిద్యాలయంలో బి. ఎమ్. స్వామి, శశికళా ఇనామ్‌దార్, వారి సహచరులు ఆ ఆవగింజల నుంచి ఒక మాంసకృత్తును వేరుచేశారు. అది కాన్సరు కణాల మీద ఉండే ఒక చక్కెరను గుర్తుపడుతుంది. ఇంతకన్నా వింత మరొకటి ఉన్నది. ఆ బూజు కుళ్ళబెట్టే వేరుశనగ గింజలోనూ ఒక మాంసకృత్తు ఉన్నది. అదికూడా సరిగ్గా ఆ చక్కెరనే గుర్తుపడుతుంది!

మాంసకృత్తుకు కళ్ళు లేవు, నాలుక లేదు. చక్కెరను ఎలా గుర్తుపడుతుంది? కాన్సరు కణం మీద చక్కెర ఎందుకుంటుంది? ఒక్కొక్కటే చూద్దాం.

మన శరీరం కణాలతో కట్టినదని మీకు తెలుసు. ఒక కణం మిల్లీమీటరులో నూరో వంతు ఉంటుంది, కాస్త అటూ ఇటూగా. దాని పైపొర నున్నగా సబ్బుబుడగలాగా ఉంటుందనుకోకండి. పండుగనాటి గుమ్మంలాగా దానినిండా తోరణాలు వ్రేలాడుతూ ఉంటాయి. ఆ తోరణాలు చక్కెరలతో గుచ్చినవి. ఇక్కడ చక్కెర అంటే మనం కాఫీలో వేసుకునేది ఒక్కటే కాదు. ఆ కుటుంబంలో చాలా సభ్యులున్నారు. గ్లూకోజు మీకు తెలిసినదే. పాలలోని చక్కెరలో గ్లూకోజుతో జతగా గెలాక్టోజు ఉంటుంది. ఇలాంటివి కొన్ని పూసలుగా గుచ్చుకుని కణం మీద దండలవుతాయి. ఏ పూస తరువాత ఏ పూస, ఎక్కడ కొమ్మ చీలింది అన్నదానిని బట్టి ఒక కణానికీ మరొక కణానికీ తేడా వస్తుంది. మన రక్తాన్ని ఏ అని, బి అని, ఓ అని విడదీసేది కూడా ఎర్ర కణాల మీది చివరి పూసే.

చక్కెరలను పట్టుకునే మాంసకృత్తులు ఉన్నాయని మొదట తెలిసింది మన ఆముదపు గింజల వల్ల. 1888లో డోర్పాట్ విశ్వవిద్యాలయంలో (ఆ ఊరిని ఇప్పుడు టార్టూ అంటారు, ఎస్తోనియా దేశంలో ఉన్నది) పీటర్ హెర్మన్ స్టిల్‌మార్క్ అనే విద్యార్థి ఆముదపు గింజల సారాన్ని రక్తంలో కలిపి చూశాడు. విడివిడిగా తేలుతున్న ఎర్రకణాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలు కట్టాయి. ఆ గింజలలో ఉన్నది భయంకరమైన విషం. మీ పెరట్లో ఆముదపు చెట్టు ఉంటే గింజలు కొరకకండి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

కణాలు ముద్దకట్టడానికి కారణం చక్కెరే అని తేలడానికి మరి సుమారు యాభై ఏళ్ళు పట్టింది. జేమ్స్ సమ్నర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు చిన్నతనంలో వేటకు వెళ్ళి ఒక చెయ్యి పోగొట్టుకున్నాడు. ఒంటిచేత్తో రసాయనశాస్త్రం నీకెందుకని నిరుత్సాహపరచినవారున్నారు. ఆయన వినలేదు. మన తమ్మకాయకు దగ్గరి చుట్టమైన ఒక చిక్కుడు గింజను పట్టుకుని ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఆ పనికే 1946లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. ఆ గింజలోని ఒక మాంసకృత్తు రక్తకణాలను ముద్దకట్టిస్తుంది. 1936లో సమ్నర్, ఆయన సహచరుడు హోవెల్ ఆ మిశ్రమంలో చెరకు చక్కెర కలిపి చూశారు. ముద్దకట్టడం ఆగిపోయింది. అంటే ఏమిటి? ఆ మాంసకృత్తు కణాల మీది చక్కెరను పట్టుకోబోతున్నది. ఈలోగా బయట దొరికిన చక్కెరతోనే దాని చేతులు నిండిపోయాయి. 1954లో విలియం బాయిడ్ ఇటువంటి మాంసకృత్తులన్నిటికీ లెక్టినులు అని పేరు పెట్టాడు. లాటిను భాషలో 'ఏరుకొను' అనే మాట నుంచి ఈ పేరు వచ్చింది. మంచి పేరు. చేటలో బియ్యం పోసుకుని అవ్వ రాళ్ళు ఏరినట్టే లెక్టిను తనకు కావలసిన చక్కెరను ఏరుకుంటుంది.

అవ్వ చూసి ఏరుతుంది. చూపు తగ్గిన అవ్వ వ్రేళ్ళతో తడిమి ఏరుతుంది. లెక్టిను ఈ రెండో అవ్వ వంటిది.

మాంసకృత్తు అనేది ఒక పొడవాటి గొలుసు. అది తనలో తాను ముడుచుకుని ఒక ఉండగా తయారవుతుంది. లెక్టిను ఉండ మీద ఒకచోట చిన్న గుంట ఉంటుంది. చక్కెర అణువు ఆరు మూలల చక్రం వంటిది. అయిదు మూలల్లో కర్బనం, ఒక మూల ప్రాణవాయువు. కర్బనపు మూలల నుంచి చేతులు బయటికి చాచి ఉంటాయి. ఒక్కొక్క చేతి చివర ప్రాణవాయువు, ఉదజని పరమాణువులు జంటగా ఉంటాయి. గుంట గోడలలోనూ అటువంటి చేతులే ఉన్నాయి. చక్కెర వచ్చి గుంటలో కూర్చున్నప్పుడు ఈ చేతులూ ఆ చేతులూ అందుకోవాలి. అన్నీ అందితే కూర్చుంటుంది. ఒకటి అందకపోయినా జారిపోతుంది.

కాగితం మీద గ్లూకోజు బొమ్మ, పక్కనే గెలాక్టోజు బొమ్మ గీసి చూడండి. రెండింటిలోనూ అవే పరమాణువులు, అన్నే పరమాణువులు. తేడా నాలుగో కర్బనం దగ్గర ఉన్న చెయ్యి ఒక్కటే: గ్లూకోజులో క్రిందికి ఉంటుంది, గెలాక్టోజులో పైకి. ప్రార్థనకు వరుసగా నిలబడిన పిల్లలలో ఒకడు మాత్రం చెయ్యి ఎత్తినట్టు! ఆ ఒక్క చేతిని బట్టి గెలాక్టోజును ఏరుకునే లెక్టిను గ్లూకోజును వదిలేస్తుంది. ఈ చక్కెర చక్రం వెడల్పు ఎంత అనుకున్నారు? మిల్లీమీటరును పదిలక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగానికి సుమారు సగం. ఇంత చీకట్లో, ఇంత చిన్నదానిని, ఒక్క చేతి తేడాతో పోల్చుకుంటున్నది! నన్నడిగితే సృష్టిలోని తాళంచెవులన్నిటిలో ఇది ఘనమైనది.

ఒక గుంట పట్టు గట్టిది కాదు. ఉత్తరేణి గింజ ఒకటి బట్టకు అంటుకుంటే దులిపితే పోతుంది. పొదలో దూరి వచ్చినప్పుడు నూరు గింజలు అంటుకుంటే అమ్మ కూర్చుని పీకవలసిందే. లెక్టిను కూడా అంతే. చాలా లెక్టినులు రెండు నుంచి నాలుగు ఉండలు కలిసి ఏర్పడినవి. గుంటలూ అన్ని ఉంటాయి. ఒక గుంటతో ఒక కణాన్ని, మరొక గుంటతో పక్క కణాన్ని పట్టుకుంటుంది. అందుకే కణాలు ముద్దకట్టేది.

ఇక కాన్సరు సంగతి. మన పెద్దలు రాచపుండు అనేవారు. కణం తన పరిమాణం, తన పని మరిచిపోయి అదే పనిగా పెరుగుతుంది. అలా పెరిగే కణం మీద తోరణాలు కూడా చెడతాయి. ఎలా చెడతాయో అర్థం కావాలంటే రక్తపు సీసాల కథ ఒకటి వినాలి.

1920లలో ఐరోపాలోని ప్రయోగశాలలలో ఒక చిక్కు ఎదురయింది. రక్తం నమూనాలు కొంతకాలం నిలవ ఉంచితే, ఏ వర్గం వారి రక్తరసం కలిపినా ముద్దకట్టేవి. అలా జరగకూడదు. కోపెన్‌హేగన్‌లో థామ్సెన్ అనే శాస్త్రజ్ఞుడు 1927లో కారణం కనిపెట్టాడు: నమూనాలలో చేరిన సూక్ష్మజీవులు ఎర్రకణాలను మారుస్తున్నాయి. తరువాత ఫ్రీడెన్‌రైక్ ఆ విషయాన్ని క్షుణ్ణంగా పరిశోధించాడు. అసలు సంగతి ఇదీ. మన కణాల మీది కొన్ని దండలకు చివర సియాలిక్ ఆమ్లం అనే చక్కెర మూతలాగా కూర్చుని ఉంటుంది. సూక్ష్మజీవులు ఆ మూతను కొరికివేస్తున్నాయి. మూత పోగానే లోపల దాగిన జంట పూసలు బయటపడుతున్నాయి. ఆ జంటకు థామ్సెన్ - ఫ్రీడెన్‌రైక్ గుర్తు అని పేరు. పొట్టిగా టి గుర్తు అంటారు. దండలో మొదటి పూస నత్రజని ఉన్న ఒక తోక తగిలించుకున్న గెలాక్టోజు. దాని మీద కూర్చున్న రెండో పూస మామూలు గెలాక్టోజు. పెద్దవాళ్ళ రక్తరసంలో ఈ టి గుర్తును పట్టే ప్రతిపదార్థాలు సహజంగా ఉంటాయి. అందుకే ఎవరి రసం కలిపినా ముద్దకట్టింది.

ఆరోగ్యంగా ఉన్న కణాలలో చాలావాటి మీద ఈ జంట పూసల పైన ఇంకా పూసలు గుచ్చుకుంటాయి, లేదా మూత పడుతుంది. కాన్సరు కణానికి దండ పూర్తిచేసే ఓపిక లేదు. రెండు పూసలు గుచ్చి అక్కడితో వదిలేస్తుంది. పేగు, రొమ్ము మొదలైన అనేక అవయవాల కాన్సర్లలో టి గుర్తు ఇలా బయటపడి ఉంటుంది. అమెరికాలో జార్జ్ స్ప్రింగర్ దీనిమీద చాలాకాలం పరిశ్రమచేసి 1984లో ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రచురించాడు.

వేరుశనగ లెక్టిను ఏరుకునేది ఈ టి గుర్తునే. తాజా ఎర్రకణాలకు వేరుశనగ లెక్టిను కలిపితే ఏమీ జరగదు. మూత తీసేసిన కణాలకు కలిపితే ముద్దకడతాయి. ఆ ముద్దకు పాల చక్కెర కలిపితే మళ్ళీ విడిపోతాయి. సమ్నర్ చెరకు చక్కెరతో చూసినది ఇక్కడ పాల చక్కెరతో చూడవచ్చు. (ఇవి ప్రయోగశాలలో పెద్దలు చేసే పనులు. రక్తంతో ఇంట్లో ప్రయోగాలు వద్దు.)

ఆ గుంట ఎలా ఉన్నదో చూడాలంటే ఏ సూక్ష్మదర్శినీ చాలదు. మాంసకృత్తును స్ఫటికాలుగా పెంచి, ఎక్స్‌కిరణాలు పంపి, అవి చెదిరిన తీరును లెక్కగట్టి, పరమాణువులు ఎక్కడెక్కడ ఉన్నాయో తేల్చాలి. పుట్టపర్తి నుంచి కొన్ని గంటల ప్రయాణంలో ఉన్న బెంగుళూరులో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో, ఎమ్. విజయన్, అవధేశ సురోలియా, వారి సహచరులు వేరుశనగ లెక్టినును అలా పరిశీలించి 1994లో దాని ఆకారాన్ని ప్రకటించారు. విజయన్ 2022లో కన్నుమూశారు. లెక్టిను టి గుర్తును పట్టుకుని కూర్చున్న బొమ్మను ఆ బృందమే 1997లో ప్రకటించింది. అందులో ఒక చక్కని సంగతి బయటపడింది. గుంటకూ, టి గుర్తులోని తోకకూ మధ్య కాస్త ఎడం ఉన్నది. చేతులు నేరుగా అందవు. ఆ ఎడంలో నీటి అణువులు నిలబడి ఇటు ఒక చెయ్యి, అటు ఒక చెయ్యి అందిస్తున్నాయి. వేరుశనగ లెక్టిను పాల చక్కెర కన్నా టి గుర్తును ఎక్కువ ఇష్టపడటానికి ఈ నీటి వంతెనే కారణం. నీటికి మొహంవాచిన నేల మీద పండే గింజ తన గుర్తును నీటి సాయంతో పడుతున్నదన్నమాట!

పుట్టగొడుగుల వంతు తరువాత వచ్చింది. అంగళ్ళలో పొట్లాలు కట్టి అమ్ముతారే, తెల్లని గుండీ పుట్టగొడుగులు, వాటిలోని లెక్టిను ఆకారాన్ని 2005లో తేల్చారు. దాని ఒక్కొక్క ఉండకు రెండు రకాల గుంటలు ఉన్నాయి. ఒకటి తోక ఉన్న గెలాక్టోజును పడుతుంది. రెండోది తోక ఉన్న గ్లూకోజును. ఇందాక బొమ్మలో చూశారే, నాలుగో కర్బనం మీది చెయ్యి, అది పైకి ఉంటే ఒక గుంట, క్రిందికి ఉంటే మరొక గుంట! రెండేళ్ళ తరువాత, 2007లో, గ్రీసు దేశపు శాస్త్రజ్ఞులూ ధార్వాడవారూ కలిసి మన వేరుశనగ బూజు లెక్టిను ఆకారం ప్రకటించారు. 141 కొక్కేల గొలుసు. అదే పోలిక, అవే రెండు గుంటలు. గొడుగు ఎత్తకపోయినా వంశం దాగలేదు.

బూజుకు ఇదంతా ఎందుకు? దానికి కాన్సరు అంటే ఏమిటో తెలియదు గదా. కొన్ని పుట్టగొడుగుల లెక్టినులు, వాటిని తినవచ్చిన నులిపురుగుల పేగులలోని చక్కెరలను పట్టుకుని వాటిని చంపుతాయని స్విట్జర్లండులో పరిశోధించినవారు చూపించారు. అంటే లెక్టిను తోటకు కాపలాదారు. అది వెతికే గుర్తు కాన్సరు కణం మీద కూడా ఉండటం కేవలం మన అదృష్టం.

ఇప్పుడు అసలు చిక్కు. గుర్తుపట్టడం వేరు, గుర్తుపట్టిన తరువాత చేసే పని వేరు. ఉత్తరాల బంట్రోతు ఇంటిని గుర్తుపడతాడు. దొంగ కూడా గుర్తుపడతాడు. ఇంగ్లండులో లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో జొనాథన్ రోడ్స్ బృందం ఈ తేడాను స్పష్టంగా చూసింది. గాజు పళ్ళెంలో పెంచుతున్న పేగు కాన్సరు కణాలకు గుండీ పుట్టగొడుగు లెక్టిను కలిపితే పెరుగుదల ఆగిపోయింది. ఇది 1993 నాటి మాట. అవే రకం కణాలకు వేరుశనగ లెక్టిను కలిపితే, 1992లో చూసినదాని ప్రకారం, పెరుగుదల ఎక్కువయింది! గుర్తు ఒకటే. ఒకటి కళ్ళెం వేసింది, ఒకటి అదిలించింది.

పుట్టగొడుగు లెక్టిను ఎలా కళ్ళెం వేస్తుందో 1999లో కొంత తెలిసింది. అది కణం లోపలికి చేరి, కేంద్రకంలోకి వెళ్ళవలసిన మాంసకృత్తులు కొన్నిటికి దారి మూసేస్తుంది. లెక్టినును కడిగేస్తే కణాలు మళ్ళీ పెరగసాగాయి. అంటే చంపలేదు, ఆపింది. వేరుశనగ బూజు లెక్టిను ఇంకొక అడుగు ముందుకు వేసింది. 2012లో ధార్వాడవారు ప్రకటించిన దాని ప్రకారం, అది పేగు కాన్సరు కణాలు తమను తామే కూల్చుకునేటట్టు చేస్తుంది. ఎలుకలలో కాన్సరు కంతుల పెరుగుదలను కూడా తగ్గించింది. 2014లో రొమ్ము కాన్సరు కణాల మీద చూశారు. ఆరోగ్యమైన కణాల మీదకన్నా కాన్సరు కణాల మీద దాని దెబ్బ గట్టిగా ఉన్నది. 'కన్నా' అన్న మాట గమనించండి. ఆరోగ్యమైన కణాలను అసలు తాకదని వారు చెప్పలేదు.

ఇక్కడ పిల్లలతోపాటు వారి తల్లిదండ్రులు కూడా వినవలసిన మాట ఉన్నది. ఇంట్లో ఒకరికి కాన్సరు అని తెలిసినప్పుడు ఎవరెవరో ఏవేవో చెబుతారు. పుట్టగొడుగులు తింటే తగ్గుతుందనీ, పైన చెప్పినటువంటి పరిశోధనలే సాక్ష్యమనీ చెప్పేవారున్నారు. ఆ పరిశోధనలలో లెక్టినును శుద్ధిచేసి, కొలతపెట్టి, నేరుగా కణాల మీద వేశారు, లేదా ఎలుకలకు ఇచ్చారు. కూరలో వండిన పుట్టగొడుగు సంగతి వేరు. వేడికీ, కడుపులోని రసాలకూ చాలా మాంసకృత్తుల ముడతలు విడిపోతాయి. ముడత విడిపోతే గుంట ఉండదు, గుంట లేకపోతే గుర్తుపట్టడమూ లేదు. పుట్టగొడుగుల కూర కాన్సరును నయం చేస్తుందని ఇంతవరకూ రుజువు కాలేదు. దానిని నమ్మి డాక్టరు ఇచ్చే చికిత్స మానుకుంటే పోయిన నెలలు తిరిగి రావు. వానకు లేచిన అడవి పుట్టగొడుగులను ఔషధమని కోసుకువచ్చి తినడం ఇంకా ప్రమాదం. వాటిలో ప్రాణాలు తీసేవి ఉన్నాయి. రంగు చూసి, వెండి నాణెం వేసి కనిపెట్టవచ్చుననే మాటలు ఉత్తవి. అలాగే గాజు పళ్ళెంలో వేరుశనగ లెక్టిను చేసిన పని విని, రేపటి నుంచి శెనక్కాయల పచ్చడి వద్దని అమ్మతో పోట్లాడకండి! కణాల పళ్ళెం వేరు, అన్నం పళ్ళెం వేరు.

అయితే లెక్టినుల వల్ల మనుషులకు మేలు జరగలేదా? జరిగింది. కాని మ్రింగే మందుగా కాదు, ఏరిపెట్టే చేటగా. రోగాన్ని ఎదిరించే శక్తి బొత్తిగా లేకుండా కొందరు శిశువులు పుడతారు. వారికి ఇతరుల ఎముక మూలుగు ఎక్కించాలి. తల్లిదండ్రుల మూలుగు పూర్తిగా సరిపడదు. అందులోని కొన్ని కణాలు బిడ్డ శరీరం మీదనే తిరగబడతాయి. 1980లలో న్యూయార్కులో యైర్ రైస్నర్, ఆయన సహచరులు సోయా చిక్కుడు లెక్టినుతోనూ, గొర్రె ఎర్రకణాలతోనూ ఆ తిరగబడే కణాలను ఏరివేసి మిగతా మూలుగును శిశువులకు ఎక్కించారు. ఆ విధంగా బ్రతికి బట్టకట్టిన పిల్లలు ఉన్నారు.

మరొకటి మన వంటింటిది. ఎర్రగా ఉండే మసూరు పప్పు ఉన్నది గదా, మైసూరు పప్పు అని కూడా అంటారు. దాని లెక్టిను ఇంకొక చక్కెరను పడుతుంది. కాలేయానికి కాన్సరు వచ్చినవారి రక్తంలో ఒక మాంసకృత్తు పెరుగుతుంది. వేరే కాలేయ జబ్బులలో కూడా అది పెరుగుతుంది గనుక అనుమానం తీరదు. కాని కాన్సరు కణాలు తయారుచేసిన దాని మీద ఒక చక్కెర పూస అదనంగా ఉంటుంది. మసూరు లెక్టిను ఆ పూస ఉన్నదానిని ఏరుకుంటుంది. దీని మీద ఆధారపడిన రక్తపరీక్షకు 2005లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది.

బూజు లెక్టిను ఆ స్థాయికి రావాలంటే చాలా దూరం నడవాలి. మన రక్తం దానిని పరాయి మాంసకృత్తుగా గుర్తించి ప్రతిపదార్థాలు తయారుచేయవచ్చు. అప్పుడు రెండోసారి ఇచ్చిన మోతాదు కాన్సరు దగ్గరికి చేరకముందే పట్టుబడుతుంది. ఎంత ఇస్తే ఆరోగ్యమైన కణాలకు హాని లేదో తేలాలి. సరుకు కూడా కావాలి. కుళ్ళిన మొక్కల దగ్గర ఆవగింజలు ఏరుకుంటూ కూర్చుంటే మందు తయారుకాదు. ఆ చివరి కష్టానికి మాత్రం దారి దొరికింది. ఆ లెక్టినును తయారుచేసే జన్యువును బయటికి తీసి, కొద్ది మార్పులు చేసి, వేరే సూక్ష్మజీవులలో పెట్టి రెండు రకాల లెక్టినును తయారుచేయించారు. వాటి ఆకారాలను 2015లో ప్రకటించారు. గుంటలు చెక్కుచెదరలేదు.

ఈసారి వానలకు మీ చేనులో వాడిన వేరుశనగ మొక్క కనిపిస్తే మొదట్లో మన్ను మెల్లగా తీసి చూడండి. తెల్లని పోగులూ, వాటిలో ఆవగింజలూ ఉంటే ఆ మొక్కను మట్టితో సహా తీసి నాన్నకు చూపించండి. చేనులోనే విసిరేయకండి. ఆ గింజలు కొన్నేళ్ళపాటు నేలలో మొండిగా పడి ఉండి, తడి తగలగానే మళ్ళీ పోగులు చాచగలవు. తరువాత చేతులు కడుక్కోవడం మరవకండి.